తోక లేని పులి

మొన్న సాయంత్రం వాన పడుతుండగా కరెంటు పోయింది. లిఫ్ట్ ఆగిపోయిందని మెట్లెక్కి వెళుతున్నాను. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆ వాసన తగిలింది. తడిసిన కుక్క వాసన. తడి గోనెసంచికీ, చాలాకాలం మడతపెట్టి ఉంచిన కంబళికీ మధ్యలో ఉంటుంది ఆ వాసన. అలవాటు లేనివాళ్లు ముక్కు మూసుకుంటారు. నా కాళ్లు మాత్రం అక్కడే ఆగిపోయాయి. ఆ వెంటనే పైనుంచి చప్పుడు వినిపించింది. ముందు ఒక చీదు, దాని వెనకే మెలకువగా ఉండగానే వచ్చే గురక. కంటికి కనబడకముందే తెలిసిపోయింది, పైన ఉన్నది బాక్సర్ జాతి కుక్క అని.

మలుపు తిరిగితే నిజంగానే కూర్చుని ఉన్నాడు. గోధుమ రంగు ఒళ్లు, నల్లటి మూతి, ఛాతీ మీద తెల్లటి మచ్చ. పట్టీ పట్టుకున్న ఆవిడ కంగారుపడి, "భయపడకండి, వీడు ఏం చేయడండీ" అన్నారు. ఆ మాట మేం చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ ఎన్ని వందలసార్లు అన్నామో! మా గేటు ముందు ఆగి వెనకడుగు వేసిన ప్రతివాళ్లకీ అదే మాట చెప్పేవాళ్లం.

చేతిలో సంచి పక్కన పెట్టి నేనూ మెట్టు మీద కూర్చున్నాను. వాడు లేచి వచ్చాడు, నన్ను వాసన చూశాడు, అటు తిరిగి తన బరువంతా నా మోకాలి మీద వేసి నిలబడ్డాడు. బాక్సర్‌కి మనిషి నచ్చితే ముందు చేసే పని అదే. నాకడం, మీదికెక్కడం అన్నీ తర్వాత. ముందు ఒరుగుతుంది. ఆ బరువు నా కాలికి తగిలి ఎన్నేళ్లయిందో.

*

చిన్నప్పుడు మా ఇంటికి వచ్చిన బాక్సర్ కుక్కపిల్లగా రాలేదు. నాన్న ఆఫీసులో ఒకాయనకు బదిలీ అయింది. వెళ్లేచోట కుక్కని ఉంచుకునే వీలు లేదు. ఏడాదిన్నర వయసున్న దాన్ని, ఒక గొలుసు, ఒక అల్యూమినియం గిన్నె, అంచులు కొరికేసిన ఒక దుప్పటితో సహా నాన్న ఇంటికి తీసుకొచ్చారు. "కొన్నాళ్లు ఉంచుదాం. ఎవరైనా మంచివాళ్లు దొరికితే ఇచ్చేద్దాం" అన్నారు. ఆ మంచివాళ్ల కోసం ఎవరూ వెతికినట్టు నాకు గుర్తు లేదు.

అప్పటిదాకా మాకు తెలిసిన కుక్కలకు మూతి పొడుగ్గా ఉండేది, తోక పైకి లేచి ఉండేది. ఇది వేరు. ముక్కు ఎవరో అరచేత్తో వెనక్కి నొక్కినట్టుంది. కింది దవడ ముందుకొచ్చింది. నుదుటి మీద ముడతలు. బుగ్గలు వేలాడుతున్నాయి, వాటి అంచున సన్నగా చొంగ. మెడ, భుజాలు, తొడలు చూస్తే మాత్రం రోజూ గోదాలో సాము చేసే మనిషి ఒళ్లు. చర్మం కింద కండ కదలడం కనబడేది. నానమ్మ గుమ్మంలోంచే చూసి, "ఎవరితో పోట్లాడి వచ్చిందిరా ఇది, మొహం అలా పెట్టుకుంది?" అంది.

మా తమ్ముడికి అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. అక్క వెనక దాక్కుని తొంగి చూశాడు. బంగారు రంగు ఒంటి మీద పక్కటెముకల వెంబడి నల్లటి చారలు. ఆ రంగును బ్రిండిల్ అంటారని మాకు చాలాకాలం తర్వాత తెలిసింది. వాడికి తెలిసిన చారల జంతువు ఒక్కటే. "పులి" అన్నాడు. పాత యజమాని పెట్టిన ఇంగ్లీషు పేరు వారం తిరక్కుండా మాసిపోయింది.

అదిగో పులి అంటే ఇదిగో తోక అంటారు కదా, మా వీధిలో మొదటి సగం రోజూ జరిగేది. సాయంత్రం అయ్యేసరికి తమ్ముడు గేటెక్కి "పులీ! పులి రా!" అని కేకపెడితే కొత్తవాళ్లు ఉలిక్కిపడి వెనక్కి తిరిగేవాళ్లు. రెండో సగానికి వీల్లేదు. మా పులికి తోకే లేదు. పుట్టిన కొద్దిరోజులకే కోసేశారు. అప్పట్లో బాక్సర్‌కి అది రివాజు. బొటనవేలంత మొడి మిగిలింది. చెవుల్ని మాత్రం వదిలేశారు, అవి మెత్తగా ముందుకు వాలి ఉండేవి. ఈ జాతి పుట్టిల్లు జర్మనీ. అక్కడ 1998లో తోకలు కోయడాన్ని నిషేధించారు. ఆ సంగతి చదివిన రోజు నేను చాలాసేపు ఆ మొడి గురించే ఆలోచించాను.

ఎందుకంటే, ఆ మొడితో వాడు పడ్డ పాట్లు మేం చూశాం. సంతోషం పొంగినప్పుడు కుక్కకు తోక కావాలి. అది లేకపోతే ఆ సంతోషం ఎక్కడికి పోతుంది? మేం బడి నుంచి రాగానే ముందు మొడి ఊగేది. అది చాలక నడుం ఊగేది. అదీ చాలక ఒళ్లంతా మెలితిరిగి, తలా పిరుదులూ ఒకదాన్నొకటి తాకేలా చిక్కుడు గింజలా వంగిపోయి, అలా వంగే గుండ్రంగా తిరిగేవాడు. ఎదురుగా పరుగెత్తుకొస్తే మనకు ముందు మొహం కనబడుతుందా, నడుం కనబడుతుందా చెప్పలేం. మా పులి ఒక్కడికే ఉన్న విద్య అనుకునేవాళ్లం. బాక్సర్లన్నీ ఇలాగే తిరుగుతాయని, పెంచేవాళ్లు దీన్ని చిక్కుడు గింజ ఆట అనే పిలుస్తారని పెద్దయ్యాక తెలిసింది. కొంచెం నిరాశపడ్డాను కూడా.

*

ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేవి చప్పుళ్లు. తెల్లవారుజామున గచ్చు మీద గోళ్ల టకటక. నాన్న చెప్పులు వేసుకుంటున్న అలికిడికి గొలుసు దగ్గరికి వెళ్లి దాన్ని నోట కరుచుకుని వచ్చే గలగల. నీళ్లు తాగడం ఒక పెద్ద కార్యక్రమం. మూతి మొత్తం గిన్నెలో ముంచి తాగేవాడు, తాగినంతా తాగి మిగతాది బుగ్గల్లో పట్టుకొచ్చి వరండా దాకా ధారగా పోసేవాడు. ఆ వెంబడే అమ్మ తుడుపుగుడ్డ చప్పుడు.

అరవడం తక్కువ. ఇది చాలామంది నమ్మరు. అంత మొహం చూసి రోజంతా మొరుగుతాడనుకునేవాళ్లు. పులి మొరిగితే ఇంట్లో అందరం లేచి చూసేవాళ్లం, ఏదో ఉంటేనే మొరుగుతాడు కాబట్టి. మామూలు మాటలకు వాడికి వేరే గొంతు ఉండేది. "వూ, వూవూ" అని కింది దవడ కదుపుతూ గొణిగేవాడు. షికారు ఆలస్యమైతే ఒక రకంగా, తన కుర్చీలో ఎవరైనా కూర్చుంటే ఇంకో రకంగా. అమ్మ వంటింట్లోంచే బదులిచ్చేది: "వస్తున్నా ఉండరా, ఒక్క నిమిషం." ఇద్దరూ అలా చాలాసేపు మాట్లాడుకునేవాళ్లు.

ఇక గురక. ఆ పొట్టి ముక్కులోంచి రాత్రంతా రంపపు కోత. పరీక్షల రోజుల్లో నేను దీపం కింద చదువుకుంటుంటే బల్ల కింద నా పాదాల మీద తల పెట్టుకుని నిద్రపోయేవాడు. పాదాలు మొద్దుబారిపోయేవి. గురక ఆగితే నేను వంగి చూసేదాన్ని. తర్వాత హాస్టల్‌కి వెళ్లిన మొదటి నెలలో నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం కొత్తచోటు అనుకున్నారు అందరూ. కాదు, గది మరీ నిశ్శబ్దంగా ఉండేది.

*

మొదట్లో పులి ఇంట్లో అందరికీ "అది". "అది తిన్నదా?", "దాన్ని కట్టేశారా?" అనే. తమ్ముడే ముందు "వాడు" అన్నాడు. వాడికి ఇంట్లో తనకంటే చిన్నవాళ్లు లేని లోటు తీరింది. నెలలోపు అక్కా నేనూ మారిపోయాం. అమ్మ ఎప్పుడు మారిందో ఎవరూ గమనించలేదు. నాన్న బయటివాళ్ల ముందు "అది" అనేవారు, ఇంట్లో "వాడు".

నానమ్మ మాత్రం లొంగలేదు. తన గది గడప దాటనిచ్చేది కాదు. పులి ఆ గడపకు సరిగ్గా అంగుళం ఇవతల ముందుకాళ్లు చాపుకుని పడుకునేవాడు. ఆవిడ చూడనప్పుడు ఒక కాలు అటు వేసేవాడు, చూస్తే తీసేసేవాడు. అలా ఎన్ని మధ్యాహ్నాలు గడిచాయో.

ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మంచం మీదనుంచి లేచి వరండాలోకి రావాలంటే గోడ పట్టుకుని, ఆగి, మళ్లీ గోడ పట్టుకుని రావాలి. గది బయట కొంతదూరం పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఒకరోజు ఆ ఖాళీచోటు దగ్గర ఆవిడ తూలింది. పులి లేచి పక్కన నిలబడ్డాడు. వాడికి తెలిసిన పని అదొక్కటే కదా, మనిషి పక్కన నిలబడి ఒరగడం. ఆవిడ చెయ్యి వాడి భుజం మీద పడింది. ఆ చెయ్యి తీయకుండా వాడు ఒక్కో అడుగూ వేసుకుంటూ వరండా దాకా వచ్చాడు. మమ్మల్ని చూస్తే కాళ్లకు అడ్డంపడి దూకే జంతువు, ఆవిడ పక్కన అలా నెమ్మదిగా నడవడం నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడైతే కుక్క వీపు మీద మనిషి బరువు వేయనివ్వను. దాని నడుముకు మంచిది కాదని తెలుసు. నానమ్మ బరువు వేసేది కాదులెండి, చెయ్యి ఆనించేది. అంతే.

ఆ తర్వాత ఎన్నాళ్లకో, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, గదిలోంచి నానమ్మ గొంతు వినిపించింది: "ఏమే, వాడికి నీళ్లు పెట్టారా?" అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వెళ్లి చూస్తే పులి గడపకు అవతల, మంచం కింద ఉన్నాడు.

*

బలం సంగతి చెప్పకపోతే పులి గురించి చెప్పినట్టు కాదు. వాడి భుజం నాన్న కొలిచి గుమ్మం చెక్క మీద పెన్సిల్‌తో గీత గీశారు, మా ఎత్తులు గీసుకున్న గీతల పక్కనే. అరవై సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ. మగ బాక్సర్ భుజం దగ్గర 57 నుంచి 63 సెంటీమీటర్లు ఉంటుందని, బరువు ముప్ఫై కిలోలు దాటుతుందని తర్వాత ప్రామాణిక కొలతల్లో చదివాను. ముప్ఫై కిలోలు అంటే ఒక స్కూలు పిల్లంత. కానీ ఆ బరువంతా కండే. పిల్లిని చూసి గొలుసు లాగితే అక్క మోచేతులు దోక్కుపోయిన రోజులున్నాయి. తలుపు తీయమని ముందుకాళ్లతో కొడితే తలుపు అదిరేది. వెనక కాళ్ల మీద లేచి, ముందుకాళ్లు రెండూ మన భుజాల మీద వేసి, పలకరింపుగా గుద్దేవాడు. బాక్సర్ అన్న పేరు మాకు ఆ గుద్దులతోనే అర్థమైంది.

నాన్నకు కుక్కల్ని పెంచిన అనుభవం లేదు. గట్టిగా గద్దిస్తే వింటుందని ఎవరో చెబితే నాలుగు రోజులు గద్దించి చూశారు. పులి ఎదురుతిరగలేదు, భయపడలేదు. గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అంత పెద్ద వీపు మాకు చూపిస్తూ, మొహం గోడకు పెట్టి, పూటంతా. పిలిస్తే చెవి ఒకటి కదిలేది, తల తిరిగేది కాదు. తిండి కూడా అమ్మ వెళ్లి పక్కన కూర్చుంటేనే తిన్నాడు. ఆ రాత్రి నాన్న నేలమీద చాప వేసుకుని వాడి పక్కన పడుకోవడం నేను చూశాను. పొద్దున్నకల్లా ఇద్దరికీ రాజీ కుదిరింది. ఆ తర్వాత నాన్న వాడి మీద గొంతు పెంచడం నేను వినలేదు.

అమ్మ పద్ధతి వేరు. చిన్న చిన్న మాటలు, ఒక్కో పనికి ఒకే మాట, చేసిన వెంటనే మెచ్చుకోలు. ఒకేసారి ఐదు నిమిషాలకు మించి నేర్పేది కాదు, వాడికి విసుగు పుట్టకముందే ఆపేసేది. దూకకుండా కూర్చుంటేనే పలకరింపు, దూకితే ఇంట్లో అందరం అటు తిరిగి నిలబడాలి. తమ్ముడితో సహా. వారాలు పట్టింది. మూడేళ్లు నిండేదాకా బాక్సర్‌కు పిల్లచేష్టలు పోవని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అన్ని చెప్పులు పోయినప్పుడు అంత బాధపడేవాళ్లం కాదు.

కానీ ఆ బలం తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోయేదో. వాడు చెవులు లాగేవాడు, వేలాడే బుగ్గల్ని పట్టుకుని సాగదీసేవాడు, పళ్లు లెక్కపెట్టేవాడు. పులి కళ్లు మూసుకుని భరించేవాడు. మరీ ఎక్కువైతే లేచి వెళ్లిపోయేవాడు. అమ్మ ఇంట్లో కచ్చితంగా పెట్టిన నియమం ఒకటుంది: పులి లేచి వెళ్లిపోతే వెంటపడకూడదు. కుక్క ఎంత మంచిదైనా, దానికీ చాలు అనే హక్కు ఉండాలి అనేది. చిన్నపిల్లలున్న ఇంట్లో కుక్కను తెచ్చుకునేవాళ్లకు నేను ఇప్పటికీ ముందు చెప్పేది అమ్మ పెట్టిన ఈ నియమమే.

*

ఆ మొహానికి ఒక కథ ఉందని నాకు కాలేజీ లైబ్రరీలో తెలిసింది. వేరే పుస్తకం కోసం వెళ్లి, కుక్కల బొమ్మలున్న లావుపాటి పుస్తకం ఒకటి తీసి, అందులో మా పులి మొహం చూసి అక్కడే నిలబడిపోయాను.

జర్మనీలో ఒకప్పుడు బులెన్‌బైసర్ అనే వేటకుక్కలు ఉండేవి. అడవిపందిని, ఎలుగును పట్టి, వేటగాడు వచ్చేదాకా వదలకుండా ఉండడం వాటి పని. ముందుకొచ్చిన దవడ పట్టు కోసం, వెనక్కి ఉన్న ముక్కు పట్టు వదలకుండానే ఊపిరి తీసుకోవడం కోసం అని ఈ జాతిని పెంచేవాళ్లు చెబుతారు. ఆ వేట కాలం పోయింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మ్యూనిక్‌లో కొందరు ఆ కుక్కలకు ఇంగ్లీషు బుల్‌డాగ్‌ను కలిపి ఈ జాతిని తీర్చిదిద్దారు. 1895లో అక్కడే మొదటి బాక్సర్ క్లబ్ పెట్టుకున్నారు. ఫ్రీడెరున్ స్టాక్‌మన్ అనే ఆవిడ కథ నాకు బాగా నచ్చింది. చిత్రకళ నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయి ఒక బాక్సర్ ప్రేమలో పడి జీవితమంతా వాటికే ఇచ్చేసింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆవిడ భర్తా, వాళ్ల బాక్సర్లూ సైన్యంలో పనిచేశారు. కరువు రోజుల్లో ప్రాణంగా పెంచుకున్న మంచి కుక్కల్ని అమెరికాకు అమ్ముకోవలసి వచ్చింది.

సెలవులకు ఇంటికి వెళ్లగానే నానమ్మకు ఇదంతా చదివి వినిపించాను. ఎలుగుబంటిని పట్టే వంశం అన్నప్పుడు ఆవిడ మంచం కింద చెయ్యి పెట్టి, "వింటున్నావుట్రా?" అంది. కింద గురక సాగుతూనే ఉంది.

*

ఆ పొట్టి ముక్కు అందమే మాకు ఒకసారి పెద్ద భయం పెట్టింది. కుక్కకు మనలా ఒంటినిండా చెమట పట్టదు. ఎగరొప్పుతూ, నోటి గాలితోనే వేడిని బయటికి పంపాలి. మూతి పొట్టిదైతే ఆ పని సరిగా సాగదు. ఇవేవీ తెలియక ఎండాకాలం సెలవుల్లో పట్టపగలు పులితో బంతాట ఆడేవాళ్లం. వాడు ఆపమనడు. బంతి వేసేవాళ్లు ఉన్నంతసేపు పరుగెత్తుతాడు, అది వాడి గుణం. ఒకరోజు బంతి తేవడం మానేసి నిలబడ్డాడు. నాలుక వెడల్పుగా, ముదురు ఎరుపుగా వేలాడుతోంది. ఊపిరిలో ఏదో గీరుకుంటున్నట్టు చప్పుడు. కాళ్లు తడబడ్డాయి. అమ్మ పరుగున వచ్చి నీడలోకి లాగి, కడుపు మీదా పాదాల మీదా నీళ్లు పోసి, పక్కన ఫ్యాను పెట్టింది. ఆ గంట ఎంత పొడుగ్గా గడిచిందో. తేరుకున్నాక డాక్టరుకు చూపిస్తే ఆయన నాన్నని మా ముందే మందలించారు. ఆ రోజునుంచి షికారు పొద్దు పొడవకముందు, పొద్దు వాలాక మాత్రమే. పరుగెత్తి వచ్చాక గంటదాకా తిండి పెట్టవద్దని కూడా ఆయనే చెప్పారు. ఛాతీ లోతైన కుక్కలకు పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంటుందట. ఆ కాగితం మా ఫ్రిజ్ తలుపుకి ఏళ్ల తరబడి అంటించి ఉండేది.

అందుకే, వాడు మొదటిసారి పడిపోయినప్పుడు ఎండే అనుకున్నాం.

అప్పటికి వాడికి ఏడేళ్లు ఉంటాయేమో. మూతి నల్లదనంలో తెల్లవెంట్రుకలు వస్తున్నాయి. సాయంత్రం, చల్లగానే ఉంది. బంతి వెనక నాలుగడుగులు పరుగెత్తి, కాళ్లకింద నేల లాగేసినట్టు పక్కకు ఒరిగిపోయాడు. మేం దగ్గరికి వెళ్లేలోపే లేచి, ఏమీ జరగనట్టు బంతి తెచ్చి ఇచ్చాడు. తమ్ముడు నవ్వాడు, "దొంగ వేషాలు" అని. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నెల తర్వాత మళ్లీ పడ్డాడు. ఈసారి ఎవరం నవ్వలేదు. చూపించిన చోట వేడి దెబ్బ అన్నారు, బలానికి మందు రాసిచ్చారు. మూడోసారి పాత డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాం. ఆయన చాలాసేపు ఛాతీకి గొట్టం ఆనించి విన్నారు. "కొట్టుకోవడంలో లయ తప్పుతోంది" అన్నారు. ఎడమ మోచేయి వెనకాల అరచెయ్యి ఆనిస్తే గుండె చేతికి తెలుస్తుందని నాన్నకు చూపించారు. పరుగులు తగ్గించమన్నారు. అంతకుమించి చేయగలిగింది ఆయన చేతుల్లో లేదు. లేదని మర్యాదగా చెప్పారు కూడా.

ఆ రోజునుంచి రాత్రి పడుకునేముందు నాన్న గడియారం చూసుకుంటూ వాడి పక్కన కూర్చునేవారు. పెదవులు కదులుతుండేవి. ఒక్కోసారి లెక్క మధ్యలో ఆగేవారు. మళ్లీ మొదలుపెట్టేవారు.

బాక్సర్లలో గుండె కుడివైపు కండరం క్రమంగా కొవ్వుగా, నారగా మారిపోయే జబ్బు ఒకటి ఉందని, అది వంశపారంపర్యంగా వస్తుందని, దానివల్ల గుండె లయ తప్పి ఉన్నట్టుండి స్పృహ తప్పడం, ఒక్కోసారి ప్రాణమే పోవడం జరుగుతుందని నేను చదివేసరికి పులి లేడు. ఈ జాతి పేరుతోనే బాక్సర్ కార్డియోమయోపతి అంటారట దాన్ని. అంత కండ ఉన్నవాడికి కండలోనే జబ్బు.

*

నాన్న స్కూటర్ వీధి మలుపు తిరిగే చప్పుడు ఇంట్లో మాకెవరికీ తెలిసేది కాదు, పులికి తెలిసేది. ఎక్కడ పడుకున్నా చెవులు లేచేవి. నిమిషం తర్వాత మాకు వినిపించేది. అప్పటికి వాడు గేటు దగ్గర ఉండేవాడు. పరుగు వద్దని డాక్టరు చెప్పాక కూడా ఈ పరుగొక్కటి ఆపలేకపోయాం. తలుపు వేస్తే తలుపు వెనక అంతకన్నా ఎక్కువ ఆయాసపడేవాడు.

ఆ సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను. చెవులు లేచాయి. వరండా మెట్లు దిగాడు. సగం దూరంలో పడిపోయాడు. లేస్తాడని చూశాను. ప్రతిసారీ లేచాడు కదా. నాన్న గేటు తీసుకుని లోపలికి వచ్చి, స్కూటర్ ఆపకుండానే వదిలేసి, వాడి దగ్గర కూర్చుని మోచేయి వెనకాల చెయ్యి పెట్టారు. బండి పక్కకు పడి ఆడుతూనే ఉంది. ఎవరో వచ్చి ఆపారు. నాన్న చెయ్యి తీయలేదు.

నానమ్మ ఆ రోజు గోడ పట్టుకుని తనే బయటికి వచ్చింది.

తర్వాత చాలా నెలలు నాన్న వీధి మొదట్లోనే ఇంజను ఆపేసి, ఇంటిదాకా స్కూటర్‌ని తోసుకుంటూ వచ్చేవారు. అడిగితే పెట్రోలు కలిసొస్తుంది అన్నారు. మేం ఇంకేమీ అడగలేదు.

*

నేను ఉద్యోగంలో చేరాక 2005లో ఒక వార్త వచ్చింది. శాస్త్రవేత్తలు మొదటిసారిగా కుక్క జన్యుపటాన్ని పూర్తిగా చదివి, 'నేచర్' పత్రికలో అచ్చువేశారని. కుక్కజాతి మొత్తానికీ ప్రతినిధిగా ఎంచుకున్నది టాషా అనే ఆడ బాక్సర్‌ని. రెండున్నర వందల కోట్లకు కాస్త తక్కువగా జన్యు అక్షరాలు. ఈ జాతిలో తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చే జన్యువులు చాలావరకు ఒకేలా ఉంటాయి కాబట్టి చదవడం తేలికని ఎంచుకున్నారట. అలా ఒకేలా ఉండడమే కొన్ని జబ్బులకూ దారి. ఆ కాగితం కత్తిరించి నాన్నకు పంపాను. ఆయన జాబులో దాని గురించి ఒకే వాక్యం ఉంది: "వాడి గుండె సంగతి కూడా అందులో రాసి ఉంటుంది కదమ్మా."

*

మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నామో. ఆవిడ ఫోన్ వెలుగు గోడ మీద పడుతోంది. "మీరు పెంచారా ఎప్పుడైనా?" అని అడిగారు. పెంచామన్నాను. వీడికి ఐదేళ్లట. తోక ఉంది, పూర్తిగా, పొడుగ్గా. ఆడిస్తుంటే మెట్ల ఊచలకు తగిలి టంగుటంగుమంటోంది. బాక్సర్‌కి తోక ఇంత అందంగా ఉంటుందని నేను అప్పుడే చూశాను.

అడగాలా వద్దా అని కాసేపు ఊగిసలాడి, చివరికి అడిగేశాను: "ఎప్పుడైనా ఆడుతూ ఆడుతూ పడిపోయాడా అండీ?"

ఆవిడకు ప్రశ్న వెంటనే అర్థమైంది. "లేదండీ. అయినా ఈ జాతికి ఆ భయం ఉందన్నారని పోయిన నెల గుండె లయను నమోదు చేసే హోల్టర్ యంత్రం కట్టించాం. ఇరవై నాలుగు గంటలు. చొక్కా వేసి దాని కింద తీగలు. పాపం రోజంతా గోడవైపు తిరిగి కూర్చున్నాడు" అన్నారు. "ఏమీ లేదన్నారు. ఏటా చేయించమన్నారు."

గోడవైపు తిరిగి కూర్చున్నాడన్న మాటకు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఒకసారి చెయ్యి పెట్టి చూడనా?" అన్నాను. ఆవిడ తలూపారు. తడి వెంట్రుకల్లోకి, ఎడమ మోచేయి వెనకాలకి అరచెయ్యి పోనిచ్చాను. వేళ్లకు చోటు తెలుసు. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. డెబ్భై దాకా వచ్చేసరికి కరెంటు వచ్చి మెట్ల మీద దీపాలు వెలిగాయి, కింద లిఫ్ట్ కదిలిన చప్పుడైంది. వాడు కదల్లేదు. నేనూ చెయ్యి తీయలేదు.